చేబదులు డబ్బా

దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు. మా గోదావరిఖనిలో నేల కింద బొగ్గు తీస్తారు. పక్కనే రామగుండంలో బొగ్గును మండించి కరెంటు చేస్తారు. 1983లో 200 మెగావాట్ల యూనిట్‌తో మొదలైన అక్కడి ఎన్‌టీపీసీ కేంద్రం క్రమంగా 2600 మెగావాట్లకు ఎదిగింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ల దీపాలు మా ఊరి పేరైనా తెలియకుండా మా ఊరి పుణ్యాన వెలుగుతున్నాయో! అటువంటి చోట కాపురం ఉంటూ, సొంత కారు దీపాలు మాత్రం పాట పెట్టినప్పుడల్లా కొడిగట్టిన ప్రమిదల్లా కళ్లు మూస్తూ తెరుస్తూ ఉంటే ఆ యజమానికి ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఆ యజమానిని నేనే. కాలేజీలో తెలుగు చెబుతాను. సంధులూ సమాసాలూ అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పగలను గాని, కారు బానెట్ కింద ఏముందని అడిగితే "ఇంజను" అని ఊరుకుంటాను. అంచేత ఈ వ్యాసంలో కాస్తో కూస్తో శాస్త్రం కనిపిస్తే అది మా బాపు చలవ అనీ, తప్పు కనిపిస్తే అది నాదేననీ ముందే మనవి చేసుకుంటున్నాను.

మా బాపు సింగరేణిలో బాయి ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. బాయి అంటే నీళ్ల బావి అనుకునేరు. మా వైపు బొగ్గుగనిని బాయి అంటారు. హాలర్ మోటర్ల దగ్గర, పంపుల దగ్గర, డ్రిల్లింగు మోతలో ఆయన వయసంతా గడిచింది. ఆ మోత జీతంతో పాటు మరొకటి కూడా ఇచ్చింది. అది చెవుడు.

ఈ చెవుడు ఒక చిత్రమైన చెవుడు. మోత వల్ల వచ్చే చెవుడు మొదట సన్నని, కీచు స్వరాలను ఎత్తుకుపోతుందట. లావు స్వరాలను చాలాకాలం ముట్టుకోదట. డాక్టరుగారు ఏదో గీతల కాగితం చూపించి ఈ సంగతి చెప్పినప్పుడు నాకు నా భాషలో అర్థమైంది. మా బాపుకు అచ్చులు వినిపిస్తాయి, హల్లులు వినిపించవు. అందులోనూ క, చ, ట, త, ప లూ, శ, ష, స లూ అసలే అందవు. "బాపూ, చాయ్ తాగుతవా?" అని అడిగితే ఎవరో దూరాన రాగం తీస్తున్నట్టు ఉంటుంది కాబోలు. మనిషి గొంతు చేరుతుంది, మాట చేరదు. చెవి మిషను కొనిచ్చాను. రెండు వారాలు పెట్టుకుని, "లొల్లి ఎక్కువైతున్నది" అని డబ్బాలో పెట్టి బీరువాలో దాచేశాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఆయనతో మాట్లాడటం క్రమంగా తగ్గిపోయింది. తగ్గించినవాళ్లలో మొదటివాణ్ని నేనే. ఆ సంగతి అప్పట్లో నేను ఒప్పుకోలేదు.

ఇక మావాడి సంగతి. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. నేను కిందటేడు ఒక పాత కారు కొన్నాను. కొన్నది నేను, నడిపేది వాడు, కడిగేది ఎవరూ కాదు. సెలవుల్లో పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించిన డబ్బంతా పెట్టి వాడు ఆ కారు డిక్కీలో ఒక యాంప్లిఫయర్, గంగాళమంత వూఫర్ పెట్టించాడు. పాట పెడితే అద్దాలు వణుకుతాయి. మా వీధిలో రాత్రి షిఫ్టు చేసివచ్చి పగలు పడుకునే ఇళ్లు నాలుగున్నాయి. కార్మిక వాడల్లో అదొక మర్యాద: పట్టపగలైనా గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు, ఏ గోడ వెనక ఎవరు నిద్రపోతున్నారో తెలియదు గనక. ఒకనాడు ఎదురింటాయన ఎర్రని కళ్లతో గుమ్మంలోకి వచ్చి, "సారూ, జర ఆ దడదడ…" అని నసిగేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

"ఉన్న పాటలు చాలవురా? గుండెలు అదిరేలా వినాలా?" అని ఆ రోజు వాణ్ని గట్టిగానే కేకలేశాను.

వాడేదో చెప్పబోయి మానుకున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, వాడు చెప్పేది వినండి ముందు" అంది. నేను వినలేదు. చెవుడు మా వంశంలో రెండు రకాలు!

అసలు కథ నిరుడు మాఘమాసంలో జరిగింది. పెద్దపల్లిలో పెళ్లికి వెళ్లి రాత్రి తిరిగి వస్తున్నాం. మావాడు నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక బాపు, మా ఆవిడ. రాజీవ్ రహదారి మీద బసంత్‌నగర్ దాటాం. పాట మోగుతోంది. ప్రతి దెబ్బకూ ముందు రోడ్డు ఒక్క క్షణం మసకబారుతోంది, మళ్లీ తేరుకుంటోంది. "ఏమిట్రా ఇది?" అంటే, "బేస్ కొట్టినప్పుడు అట్లనే ఉంటది డాడీ. కెపాసిటర్ వేస్తే సెట్టయితది" అన్నాడు.

ఆ మాట పూర్తవలేదు. పాటలో దెబ్బ పడింది, రోడ్డు మసకబారింది, వెలుతురు తిరిగి వచ్చేసరికి ముందు ఒక మనిషి! పంచరైన బండిని తోసుకుంటూ రోడ్డు అంచున వెళుతున్నాడు. వెనక క్యారియరుకు టిఫిను డబ్బా వేలాడుతోంది. రెండో షిఫ్టు దిగి ఊరికి పోతున్నవాడు. మావాడు బ్రేకు తొక్కి పక్కకు కోశాడు. మా ఆవిడ కెవ్వుమంది. ఆ మనిషికి, మా కారుకు మధ్య మూరెడో జానెడో, కొలవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆయన తిట్టలేదు. ఆగి, మా కారుకేసి చూసి, "లైట్లు సక్కగ జేపిచ్చుకోండ్రి" అని మళ్లీ బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇల్లు చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు. దిగేటప్పుడు బాపు ఒక్క మాట అన్నాడు: "బాయిల దీపం మసకైతే అడుగు ముందుకెయ్యం. ఎందుకైందో చూసినంకనే నడుస్తం."

మర్నాడు సాయంత్రం మావాడు ఒక డబ్బా తెచ్చాడు. నున్నగా, వెండిరంగులో, మూత పెట్టిన కాఫీ ఫ్లాస్కులా ఉంది. దాని మీద "1 ఫారడ్" అని రాసి ఉంది. ధర విని నేను కుర్చీలో కూర్చున్నాను. దుకాణదారు ఇది ఒక్కటి పెడితే దీపాలు కదలవని చెప్పాడట. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగి ఇవ్వవచ్చుననీ అన్నాడట.

ఈ కెపాసిటర్ అనేది మనకు తెలియని వస్తువేమీ కాదండీ. పాతకాలంనుంచీ మనం కండెన్సర్ అంటున్నది దీన్నే. వేసవిలో పంకా నీరసంగా తిరిగితే, "కండెన్సర్ పోయింది, మార్చండి" అని ఎలక్ట్రీషియన్ చెప్పే ఆ చిన్న డబ్బా ఉందే, అదే జాతి. పంకా కండెన్సర్ మామూలుగా 2.5 మైక్రోఫారడ్లు ఉంటుంది. మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు. ఆ లెక్కన మావాడు తెచ్చిన డబ్బా నాలుగు లక్షల పంకా కండెన్సర్లకు సమానం. ఈ లెక్క వాడే కాగితం మీద వేసి చూపించాడు. నేను కాస్త మెత్తబడ్డాను.

దీని పుట్టుక కూడా సరదా అయినదే. 1745లో జర్మన్ దేశంలో క్లైస్ట్ అనే ఆయన, 1746లో హాలండులోని లైడెన్ నగరంలో ముషెన్‌బ్రూక్ అనే ఆచార్యుడు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, గాజుసీసాలో విద్యుత్తును నిలవచేయవచ్చునని కనిపెట్టారు. కనిపెట్టడమంటే ముట్టుకుని దెబ్బ తినడమే! ఆ ఏడే ఫ్రాన్సులో నోలే అనే మతగురువు 180 మంది సైనికుల చేతులు పట్టించి, రాజుగారి ఎదుట, ఆ సీసా విద్యుత్తు వారిలో పారించాడట. అందరూ ఒక్కసారి ఎగిరి గంతేశారు. తరవాత 1782లో ఇటలీవాడు వోల్టా ఇటువంటి పరికరానికి కండెన్సర్ అనే అర్థంవచ్చే పేరు పెట్టాడు. ఆ పేరే సముద్రాలు దాటి మన పంకాల దాకా వచ్చింది.

సరే, మావాడు బానెట్ ఎత్తి, డిక్కీ తెరిచి, డబ్బాను బిగించబోయాడు. బాపు మంచంమీదనుంచి లేచి వచ్చాడు. వచ్చీ రాగానే వాడి చెయ్యి పట్టుకుని, "ఉంగరం తియ్" అన్నాడు. నన్ను చూసి, "నువ్వు గూడ" అన్నాడు.

"పన్నెండు వోల్టులే గదా తాతా, షాకేం కొట్టదు" అని మావాడు చేతులు ఊపుతూ చెప్పాడు.

బాపుకు విషయం అర్థమైంది. "షాకు గాదురా. ఉంగరం రెండు కొసలకు తగిలిందనుకో, ఎర్రగ కాలుతది. వేలూడుతది. మా సబ్‌స్టేషన్ల బీరువలంత కండెన్సర్లుండేటివి. కరెంటు బందు పెట్టినా నమ్మకపోదుము. ఎర్తు తగిలిచ్చి, అది ఖాళీ అయినంకనే ముట్టుకునేది."

ఆ తరవాత ఒక చిన్న బల్బు అడిగాడు. మావాడు పాత వెనకదీపం బల్బు తెచ్చిచ్చాడు. ప్లస్ ప్లస్‌కే, మైనస్ మైనస్‌కే చేరాలని, తిరగబడితే డబ్బా పగిలే ప్రమాదం ఉందని రెండుసార్లు చెప్పి, బ్యాటరీ ప్లస్ తీగకూ డబ్బాకూ నడుమ ఆ బల్బును పట్టించాడు. నేరుగా కలిపితే ఖాళీ డబ్బా ఒక్క గుక్కలో కరెంటు లాగేసి నిప్పులు చిమ్ముతుందట. బల్బు అడ్డంగా ఉంటే నెమ్మదిగా తాగుతుందట. బల్బు ధగ్గున వెలిగింది. తరవాత కొద్దికొద్దిగా తగ్గుతూ, ఎర్రబడి, కనిపించకుండా పోయింది.

"ఆరిపోయింది" అన్నాను నేను.

ఈ మాట ఆయనకు వినిపించిందో, నా ముఖం చూసి గ్రహించాడో గాని, "ఆరలే. నిండింది" అన్నాడు.

నేను పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద సంగతి చెప్పగలిగానా అని ఆ క్షణాన నాకు అనుమానం వచ్చింది.

డబ్బా బిగించారు. పాట పెట్టారు. గోడమీద పడుతున్న హెడ్‌లైట్ల వెలుతురు చూస్తూ నిలబడ్డాం. చిన్న చిన్న దెబ్బలకు వెలుతురు కాస్త నిలిచినట్టే ఉంది. కాని పాటలో ఒకచోట వూఫర్ దీర్ఘం తీసింది. అంతే, గోడమీద వెలుతురు మళ్లీ జావగారిపోయింది.

"నాలుగు లక్షల పంకాలేమయ్యాయిరా?" అన్నాను.

మావాడు చిన్నబోయాడు. మళ్లీ కాగితం తీశాడు. వాడు వేసిన లెక్క ఇక్కడ మీకూ చెబుతాను. ఎందుకంటే ఇంటి ఖర్చులు చూసుకునే ప్రతివారికీ ఇది అర్థమవుతుంది. కారులో డైనమో అనేది నెల జీతం. మెకానిక్కులు ఆల్టర్నేటర్ అనేది దాన్నే. బ్యాటరీ బ్యాంకులో నిల్వ. ఈ డబ్బా పక్కింటి చేబదులు. 14 వోల్టుల దగ్గర నిండి ఉన్న 1 ఫారడ్ డబ్బాలో ఉండే శక్తి సుమారు 98 జౌళ్లు. వోల్టేజి 12కు దిగేలోపు అది ఇవ్వగలిగింది 26 జౌళ్లే. కిలో కందిపప్పు పొట్లాన్ని నేలమీదనుంచి ఇంటి కప్పుకు కొంచెం తక్కువదాకా ఎత్తడానికి ఆ శక్తి సరిపోతుంది, అంతే. యాంప్లిఫయర్ 500 వాట్లు లాగుతూ ఉంటే సెకనులో ఇరవయ్యో వంతుకు ఆ 26 ఖర్చయిపోతుంది. అదే ఒక చిన్నకారు బ్యాటరీలో నిండా ఉండే శక్తి జౌళ్లలో పదిహేను లక్షలు!

చేబదులుతో పాలవాడికి ఇవ్వవచ్చు, ఇల్లు గడపలేం గదా. పైగా ఆ చేబదులు తీర్చవలసిందీ మళ్లీ ఆ జీతంలోంచే. దెబ్బకూ దెబ్బకూ నడుమ డబ్బాను తిరిగి నింపేది డైనమోయే.

"మరి జీతం ఎక్కడ పోతున్నది?" అన్నాడు బాపు. నిజానికి ఆయన అన్నది "కరెంటెక్కడ పోతున్నది?" అనే, నాకు ఇలా వినిపించింది.

మీటరు తెమ్మన్నాడు. ఆ మీటరు ఒక మూల బ్యాటరీ మైనస్ గుబ్బ మీద, రెండో మూల కారు ఒంటి ఇనుము మీద ఆనించమన్నాడు. మావాడికి ఆశ్చర్యమేసింది. "రెండూ మైనస్సే గదా తాతా, మధ్యన ఏముంటది?" అన్నాడు. "ఏముండొద్దు. అందుకే చూడాలె" అన్నాడు ఆయన.

పాట దీర్ఘం తీసింది. ఏమీ ఉండకూడని చోట మీటరు 1.4 వోల్టులు చూపించింది.

కారులో కరెంటు తీగలగుండా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు కారు ఒంటిగుండానే బ్యాటరీకి చేరుతుంది. ఆ తిరుగుదారిలో, బ్యాటరీ మైనస్ తీగను కారు ఒంటికి బిగించిన చోట, పెయింటు మీదే బోల్టు బిగించి ఉంది. దానిచుట్టూ తుప్పు, తెల్లని బూజులాంటి పొడి. యాంప్లిఫయర్ తాగిన కరెంటంతా ఆ ఇరుకు సందులోంచే తిరిగి రావాలి. అక్కడ అడ్డు తగిలి 1.4 వోల్టులు వేడికింద పోతున్నాయి. హెడ్‌లైట్లకూ అదే దారి గనక వాటికీ అంత తక్కువ అందుతోంది. బాపు ఆ బోల్టు దగ్గర వేలు పెట్టి తీసేసి, "కాలుతున్నది" అన్నాడు. ఎప్పటినుంచో మేమెవరం ముట్టుకోని చోటు అది.

14లో 1.4 అంటే పదోవంతే గదా అనుకునేరు. మామూలు హాలోజెన్ దీపానికి వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు సుమారు మూడోవంతు దాకా పోతుంది. రోడ్డుమీది ఆ మనిషిని మింగబోయిన చీకటి ఆ మూడోవంతే.

బోల్టు విప్పారు. గరుకు కాగితంతో పెయింటు గీకి, ఇనుము తళతళలాడించి, తీగ కొసలు శుభ్రంచేసి, బిగించి, పైన గ్రీజు రాశారు. ఈ పనికి అయిన ఖర్చు గరుకు కాగితం వెల. మళ్లీ మీటరు పెడితే సున్నా దగ్గరే కొద్దిగా ఊగింది. గోడమీది వెలుతురు నిలిచింది. ఇంజను ఊరికే మెల్లగా తిరుగుతున్నప్పుడు మాత్రం కొంచెం అదురు కనిపించింది. ఆ వేగంలో డైనమో ఇచ్చేది తక్కువ, పైగా మా బ్యాటరీ పాతది. మర్నాడు మావాడు డబ్బాను దుకాణంలో తిరిగి ఇచ్చి, ఆ డబ్బుకు కొంత చేర్చి కొత్త బ్యాటరీ తెచ్చాడు. ఆ అదురూ పోయింది.

డబ్బాను తప్పుపట్టడం లేదు సుమండీ. దారి బాగుండి, నిల్వ బాగుండి, జీతం సరిపడా ఉండి, అప్పటికీ ఎక్కడైనా ఒక చిన్న తడబాటు మిగిలితే దాన్ని సర్దడానికి చేబదులు అక్కరకొస్తుంది. కారుతున్న కుండకు మూత మార్చితే లాభం లేదు, అంతే.

ఇక్కడితో ముగించవచ్చును. కాని ఆ రాత్రి సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

పని అయ్యాక మావాడు బాపును కారులో వెనక సీటులో కూర్చోబెట్టాడు. తలుపులన్నీ మూసి, వీధికి వినిపించకుండా తగ్గించి ఒక పాత సినిమా పాట పెట్టాడు. బాపు అరచెయ్యి తీసి తలుపు మీద ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన వేళ్లు తలుపు మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. తాళం తప్పలేదు.

నేను అద్దంలోంచి చూస్తూ నిలబడిపోయాను. మా ఆవిడ పక్కకు వచ్చి, "ఇదే వాడు మొన్న చెప్పబోయింది. తాతకు టీవీలో పాట వినబడటం లేదు, వూఫర్ అయితే చేతికి తెలుస్తుందని పెట్టించాడు. కాలేజీనుంచి రాగానే రోజూ ఒక్క పాట. మీరు అప్పటికి ఇంటికి రారు" అంది.

తనకోసమే కొనుక్కున్నాడని నేను వాణ్ని నెలల తరబడి సాధించాను. ఏమీ అడ్డం ఉండకూడని చోట, తండ్రికీ కొడుక్కీ నడుమ, ఎంత బూజు పట్టిందో ఏ మీటరుతో కొలవను? అటు బాపు వైపు చూసినా అంతే, ఇటు మావాడి వైపు చూసినా అంతే. రెండు చోట్లా వదులుగా ఉన్న బోల్టును నేనే.

తలుపు తీసి బాపు పక్కన కూర్చున్నాను. ఆయన కళ్లు తెరిచి చూసి, జరిగి చోటిచ్చి, నా చెయ్యి తీసి తన చేతి పక్కన తలుపు మీద పెట్టాడు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు నియమాలున్నాయి. చీకటిపడ్డాక రోడ్డుమీద వూఫర్ బందు. ఇంటిముందు ఆగి ఉన్నప్పుడు, ఇంజను నడుస్తుండగా, తలుపులు మూసి, రోజుకొక్క పాట. ఆ పాటవేళకు నేను కాలేజీనుంచి తొందరగా వస్తున్నాను. బాపుతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా, ఒక్కొక్క హల్లూ ఒత్తి పలుకుతున్నాను. తెలుగు మాస్టారి చదువు ఇన్నాళ్లకు ఇంట్లో పనికొచ్చిందని మా ఆవిడ నవ్వుతుంది.

బీరువాలోంచి చెవి మిషను మొన్న బయటికి వచ్చింది. ఇంకా పెట్టుకోలేదు. కిటికీ గూట్లో పెట్టుకుని, అప్పుడప్పుడు దానివైపు చూస్తున్నాడు.